కుక్కర్ రబ్బరు, 23 సెకన్ల వీడియో

మా ఇంట్లో కుక్కర్ విజిల్ రావట్లేదు, ఆవిరంతా పక్కల నుంచే పోతోంది, రబ్బరు తీసుకురమ్మని మా ఆవిడ వారం రోజులుగా చెబుతోంది, నేను రోజూ మర్చిపోతున్నా. 2025 ఆగస్టు ముచ్చట ఇది. ఒకరోజు సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడి ఫోన్ తీస్తే, మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒక వీడియో ఉంది. మొత్తం 23 సెకన్లు. వరంగల్ చౌరస్తా దగ్గర ఏదో దుకాణం ముందు ఒకడు ఇంకొకడి కాలర్ పట్టుకున్నాడు, పక్కన స్కూటీ పడి ఉంది, ఎవరో "ఏయ్, కొట్టకుర్రి" అని అరుస్తున్నారు. మీద ఎర్ర అక్షరాలు: "ఓరుగల్లులో లోకల్ యువకుడిపై మార్వాడీల దాడి?"

అబద్ధం ఎందుకు, నాకూ మండింది. అక్కడే బండి మీద కూర్చుని మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి తోసేశాను. ఒక్క మాట రాయలేదు, ఒక కోపం బొమ్మ మాత్రం పెట్టాను.

మూడు రోజుల తర్వాత రబ్బరు కోసం నేను ఎప్పుడూ పోయే సామాన్ల దుకాణానికి పోయాను. షట్టర్ సగం దించి ఉంది. బయట తాడుకు వేలాడుతున్న నీలం బకెట్లు చూడగానే కడుపులో ఒకరకంగా అయింది. వీడియోలో స్కూటీ వెనకాల ఉన్నవి అవే బకెట్లు.

సేటు లోపలే ఉన్నాడు. వాళ్ల తాత రాజస్థాన్ నుంచి వచ్చాడట, ఈయన మాత్రం పుట్టింది వరంగల్‌లోనే, "ఏం గావాలె అన్నా" అంటాడు, నాకంటే అచ్చంగా. రబ్బరు వెతుకుతూ చెప్పాడు జరిగింది. సరుకు ట్రాలీ ఆటో వచ్చిందట, అడ్డంగా స్కూటీ పెట్టి ఉంది, దుకాణంలో పనిచేసే పిలగాడు దాన్ని జరపబోతే పడిపోయి అద్దం పగిలింది. స్కూటీ ఆయన శివనగర్ వాడు, వచ్చి తిట్టాడు, అమ్మను తిట్టాడు, పిలగాడు పోయి కాలర్ పట్టుకున్నాడు. ఆ పిలగాడు ఎవరనుకున్నారు? నర్సంపేట దగ్గరి ఊరివాడు! అంటే ఆ వీడియోలో కొట్లాడుకుంటున్న ఇద్దరూ మనవాళ్లే, సేటు ఆ టైముకు వెనక గోదాంలో బస్తాలు లెక్కబెట్టుకుంటున్నాడు. తర్వాత బయటికొచ్చి అద్దానికి 250 రూపాయలు ఇచ్చాడు, ముగ్గురూ పక్క హోటల్లో ఛాయ్ తాగి ఎవరి తోవన వాళ్లు పోయారు.

"ఛాయ్ తాగింది ఎవరూ వీడియో తీయలే అన్నా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి, బండి ఆగినప్పుడల్లా చూస్తున్నాడు. ఆ వీడియో నేను కూడా పంపానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ నెల ఎట్లా ఉండెనో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో పార్కింగ్ దగ్గర మొదలైన ఒక గొడవ, దాని మీద "మార్వాడీ గో బ్యాక్" నినాదం, పాటలు, రీల్స్, ఆగస్టు 18న ఆమనగల్లులో బంద్ పిలుపు, ఆ తర్వాత రాష్ట్ర బంద్ పిలుపు. మోండా మార్కెట్‌లో దెబ్బలు తిన్న మనిషి బాధ నిజమే, అది పోలీసులు, కోర్టు తేల్చాల్సిన సంగతి. చిన్న వ్యాపారుల కష్టం కూడా ఉత్తదేం కాదు. మా మేనమామ ముప్పై ఏళ్లు కిరాణం నడిపి మూసేశాడు, హోల్‌సేల్‌లో తనకు దొరకని రేటు ఇంకొకరికి ఎట్లా దొరుకుతుందో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు. బిల్లుల్లేని అమ్మకాలు, లోకల్ పిల్లలకు పని ఇస్తున్నారా లేదా, దుకాణాల కిరాయిలు, ఇవన్నీ మాట్లాడాల్సినవే. కానీ ఆ నెల రోజుల్లో నా ఫోన్లోకి వచ్చిన వందల వీడియోల్లో కిరాయి గురించి ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నింట్లో ఎవరో ఒకరి కాలర్ ఎవరో ఒకరి చేతిలో ఉంది.

మా దోస్తు తమ్ముడొకడు హన్మకొండలో ఒక యూట్యూబ్ ఛానల్‌లో ఎడిటింగ్ చేస్తాడు. ఈ వీడియో వేసిన ఛానల్ కాదు, కానీ అసొంటిదే. బీటెక్ చదివాడు, రెండేళ్లు నోటిఫికేషన్ల కోసం చూశాడు, ఇక ఇదే పని. నక్కలగుట్ట దగ్గర ఛాయ్ తాగుతూ అడిగాను, అసలు ఆ హెడ్డింగులు ఎట్లా పెడతార్రా అని. వాడు సిగ్గుపడలేదు, దాచలేదు, తన ఫోన్లో చేసి చూపించాడు. ముందు వీడియోలో మూతి బాగా వంకర పోయిన చోట ఆపాలట, అది థంబ్‌నెయిల్. మొహం చుట్టూ ఎర్ర సున్నా, ఒక బాణం. వెనకాల మంట బొమ్మ, అది యాప్‌లో రెడీగా ఉంటుంది.

"పార్కింగ్ గొడవ అని పెడితే ఎవడు చూస్తడే? ఎవడో ఇద్దరు కొట్టుకున్నరు, నాకేంది అనుకుంటడు. కులం పేరో మతం పేరో పెట్టినవనుకో, చూసేటోడు కూడా అండ్ల ఉన్నట్టే."

ఈ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పేర్లున్న ఇద్దరు మనుషుల పేర్లు తీసేసి, బదులుగా లక్షల మందికి వర్తించే పేరొకటి పెడితే, ఆ లక్షల మందీ గొడవలోకి వచ్చేస్తారు. మరి ఆ చివర ప్రశ్న గుర్తు ఎందుకురా అన్నాను. "గదే గదా అన్నా సేఫ్టీ. రేపు ఎవలన్నా కేసు పెడితే, మేం అడిగినమంతే, చెప్పలే అంటం."

వాడిని తిట్టాలనుకున్నా, తిట్టలేకపోయా. వాడికి వీడియోకు ఇంత అని ఇస్తారు, ఎక్కువ చూస్తే ఇంకాస్త. ఆపైన ఉన్నవాళ్ల లెక్క కూడా ఇదే. ఫేస్‌బుక్ 2017లో లైక్ కంటే కోపం బొమ్మతో సహా మిగతా బొమ్మలకు ఐదు రెట్ల విలువ కట్టి, దాని ప్రకారం పోస్టుల్ని పైకి లేపిందని 2021లో బయటికొచ్చిన ఆ కంపెనీ లోపలి కాగితాల్లోనే ఉంది. తర్వాత తగ్గించుకుంటూ వచ్చి 2020లో కోపం బొమ్మ విలువ సున్నా చేశారట. ఐదు రెట్లు! నేను అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టిన ఆ ఎర్ర మొహం గుర్తొచ్చింది. వాట్సాప్‌కు ఆ లెక్కలేం లేకపోవచ్చు, కానీ నా వేలికి అలవాటైంది కదా.

ఇక మా బావమరిది సంగతి. ఒహాయోలో కొలంబస్‌లో ఉంటాడు, పదేళ్లయింది. 2024 సెప్టెంబర్‌లో ఫోన్ చేసి బాగా టెన్షన్ పడ్డాడు. వాళ్ల దగ్గర్నుంచి గంట దూరంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరుంది, హైతీ నుంచి వచ్చినవాళ్లు పనులకోసం అక్కడ చాలామంది చేరారు. వాళ్లు జనం పెంచుకునే పిల్లుల్ని, కుక్కల్ని తింటున్నారని ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు లేచింది. రాసినామె తను చూసి రాయలేదు, పక్కింటామె చెప్పింది, ఆమెకు ఇంకెవరో చెప్పారు. అది పాకి పాకి సెప్టెంబర్ 10న ట్రంప్ నోటి నుంచి టీవీ డిబేట్‌లో వచ్చింది. ఆ తర్వాత ఆ ఊరికి 30కి పైగా బాంబు బెదిరింపులు, బడులు ఖాళీ చేయించారు, చూస్తే అన్నీ ఉత్తవే. ఇంకో విచిత్రం, పిల్లి పోయిందని హైతీవాళ్ల మీద పోలీసు ఫిర్యాదు ఇచ్చిన ఒకామెకు ఆ పిల్లి కొన్ని రోజులకు తన ఇంటి కింది గదిలోనే దొరికింది. పాపం ఆమె పోయి పక్కింటి హైతీవాళ్లకు సారీ చెప్పుకుంది.

"ఇక్కడోళ్లకు హైతీవాడు, ఇండియావాడు అని తేడా ఏముంటది బావా, రంగు చూస్తరు" అన్నాడు మావాడు ఆ రోజు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో మన హైదరాబాద్ అబ్బాయి కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు, నా దేశం నుంచి పొండి అని అరిచి కాల్చాడు కదా. మా అత్తమ్మ ఆ వారమంతా టీవీ ముందు నుంచి లేవలేదు.

సరిగ్గా పదకొండు నెలల తర్వాత, అదే బావమరిది, మా ఫ్యామిలీ గ్రూపులోకి "గో బ్యాక్" రీల్ పంపాడు. కింద మూడు పిడికిళ్ల బొమ్మలు. నేను ఫోన్ చేసి స్ప్రింగ్‌ఫీల్డ్ పిల్లి గుర్తుందా అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అది వేరు బావా" అన్నాడు. ఎట్లా వేరో అరగంట చెప్పాడు. కొంత నిజమే చెప్పాడు కూడా, అక్కడ కూలికి పోయినవాళ్లు, ఇక్కడ డబ్బున్న వ్యాపారులు అని. కానీ మా సేటు దుకాణం మీద ఎగిరిపడే కామెంట్లలో ఆ తేడా ఎవరికి కావాలి? "వరంగల్‌లో ఏ షాపు? లొకేషన్ పెట్టండి" అని ఒకడు అడిగితే కింద 40 లైకులు.

ఇంగ్లండ్‌లో సౌత్‌పోర్ట్‌లో అయిందీ ఇట్లాంటిదే. 2024 జూలై 29న ముగ్గురు చిన్నారులను పొడిచి చంపారు, నిందితుడికి 17 ఏళ్లే కాబట్టి మొదట పేరు బయటపెట్టలేదు. ఆ ఖాళీలోకి ఎవరో ఒక ముస్లిం పేరు పుట్టించి వదిలారు, పడవలో వచ్చిన శరణార్థి అన్నారు. తెల్లారి సాయంత్రం జనం మసీదు మీద పడ్డారు. అసలు నిందితుడు పుట్టింది బ్రిటన్‌లోనే, కార్డిఫ్‌లో.

అంత దూరం ఎందుకు, మన జైనూర్ చూడండి. 2024లో ఆదివాసీ మహిళ మీద ఆటో డ్రైవర్ దాడి చేశాడన్న కేసు, అదేం పుకారు కాదు, జనానికి కడుపు మండటంలో తప్పు లేదు. కానీ సెప్టెంబర్ 4న కాలిన దుకాణాలవాళ్లు ఏం చేశారు? ఇంటర్నెట్ ఆపేయాల్సి వచ్చింది అక్కడ. నేరం చేసినవాడు ఒక్కడు, ఫోన్లలో మాత్రం అది ఒక మతం చేసిన పని అయిపోయింది.

టీవీ గురించి రెండు ముక్కలు. ఆ ఆగస్టులో రాత్రి చర్చలు చూశాను, నాలుగు కిటికీల్లో నలుగురు, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, మధ్యలో యాంకర్ చేతులు ఊపుతూ. యూట్యూబ్‌లో ఏం నడుస్తుందో చూసి వీళ్లు పెడతారు, వీళ్ల ముక్కలు కోసి మళ్లీ యూట్యూబ్‌వాళ్లు పెడతారు. చౌరస్తాలో ఆ పక్క హోటల్ ఆయనను ఒక్కడంటే ఒక్కడు వచ్చి అడగలేదు, గొడవంతా కళ్లారా చూసింది, మూడు ఛాయ్‌లు పోసింది ఆయనే.

నేను చేసింది కూడా చెప్పాలి కదా. ఇంటికొచ్చి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ మెసేజ్ డిలీట్ చేద్దామని చూస్తే, అందరికీ పోయే డిలీట్ గడువు అప్పటికే అయిపోయింది, నా ఒక్కడి ఫోన్లోంచి తీసేయొచ్చు అంతే. సరేనని జరిగిందంతా కూర్చుని టైప్ చేశాను, స్కూటీ, అద్దం, నర్సంపేట పిలగాడు, ఛాయ్, అన్నీ. నేనే తప్పుగా పంపానని కూడా రాశాను. మొత్తం 64 మంది ఉన్న గ్రూపు. ఇద్దరు బొటనవేలు పెట్టారు. మూడో అంతస్తు అంకుల్ "సేటు ఎంతిచ్చిండు?" అని రాసి నవ్వు బొమ్మ పెట్టారు, దానికి తొమ్మిది నవ్వులు. వెంటనే ఎవరో లిఫ్ట్ పనిచేయట్లేదని రాశారు, మాట అటు మళ్లింది.

ఆ 23 సెకన్ల వీడియో ఇప్పటికీ ఉంది, నిన్న చూశాను. కామెంట్లలో స్కూటీ ఆయనే వచ్చి "అన్నా అది నేనే, మేం ఆరోజే కలిసిపోయినం, తీసేయండి" అని రాశాడు. దాని కింద ఒకడు "నువ్వు కూడా అమ్ముడుపోయినవా" అని అడిగాడు.

సేటుకు మాత్రం నేను ఇంకా చెప్పలేదు. ఆ రోజు కంగారులో ఐదు లీటర్ల కుక్కర్ అని చెప్పబోయి మూడు లీటర్లది చెప్పాను, రబ్బరు కుదరలేదు, మార్చుకోవడానికి మళ్లీ పోయాను. షట్టర్ పూర్తిగా లేపే ఉంది, లోపల కొత్తగా సీసీ కెమెరా పెట్టించాడు, నర్సంపేట పిలగాడు స్టూలెక్కి దాని వైరు సర్దుతున్నాడు. సేటు పాత రబ్బరు తీసుకుని కొత్తది ఇచ్చి, తేడా 20 రూపాయలు అడిగాడు. ఇచ్చి వచ్చేశాను.