వెండి స్మారక నాణేలు: ఈసారి ఏవి కొన్నాను, ఏవి వదిలేశాను

స్మారక వెండి నాణెం ఒకటి వచ్చిందనగానే నాణేల సేకర్తల గ్రూపుల్లో "లిమిటెడ్ ఎడిషన్, మళ్లీ దొరకదు" అని మొదలవుతుంది. ధర చూస్తే వేలల్లో ఉంటుంది. కొనకపోతే చేజారిపోతుందేమోనని టెన్షన్, కొంటే డబ్బు ఇరుక్కుపోతుందేమోనని ఇంకో టెన్షన్. అందుకే ఇప్పుడు ప్రతి నాణేనికీ నోట్‌బుక్‌లో ఒక పేజీ పెట్టి, కొనకముందే లెక్క రాస్తున్నాను. ఈ విడత లాగ్ అంతా ఆ పేజీల్లోంచి తీసిందే.

మొదటి పేజీ ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము విడుదల చేశారు. తయారీ మన హైదరాబాద్ మింట్‌లోనే, అంటే ప్రభుత్వ టంకశాలలో. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు, లోహంలో సగం వెండి, 40 శాతం రాగి, మిగతా పది శాతం నికెల్, జింకు చెరిసగం. మింట్ అప్పుడు పెట్టిన ధరలు మూడు రకాలు: చెక్కపెట్టెలో అయితే 4,850, ప్రూఫ్ (అద్దంలా మెరిసే ప్రత్యేక ముద్రణ) ఫోల్డర్ 4,380, మామూలు యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్, అంటే చేతులు మారని కొత్త నాణెం) ఫోల్డర్ 4,050. నా దగ్గర యూఎన్‌సీ ఉంది. ఇప్పుడు తెలిసినాయన ఒకరు చెక్కపెట్టె ప్రూఫ్ అమ్ముతానంటున్నారు, 7,500 చెప్పారు. తీసుకోవాలా వద్దా?

సగం వెండి అంటే 35లో 17.5 గ్రాములు. కిలో వెండి లక్ష ఉంటే అందులో ఉన్న వెండి 1,750 రూపాయలు, లక్షన్నర ఉంటే 2,625. విడుదలైన రోజుల్లో కిలో 75 నుంచి 80 వేల మధ్య ఉండేది కాబట్టి, మింట్ దగ్గర 4,050 పెట్టి కొన్నవాళ్లకు చేతికొచ్చిన వెండి పధ్నాలుగు వందల లోపే. మిగతాదంతా తయారీకి, ప్యాకింగ్‌కి, పన్నుకి, ఎన్టీఆర్ బొమ్మకి ఇచ్చినట్టు. ఆ బొమ్మకి ఇవ్వడం నాకు ఇష్టమే, ఇందులో తప్పేమీ లేదు, మా ఇంట్లో మూడు తరాలకూ ఆ ముఖం తెలుసు. కానీ ఆ మొత్తాన్ని "వెండి కొన్నాను కదా, ఎప్పటికైనా ధర ఉంటుంది" అనే ఖాతాలో మాత్రం రాయను. 2025లో వెండి లక్షన్నర దాటినప్పుడు కూడా ఈ నాణెంలోని లోహం విలువ మింట్ ధరని అందుకోవడానికి ఇంకా చాలా దూరమే ఉండేది.

పైగా వెండి కొట్టులో దీన్ని వెండి రేటుకి తీసుకోరు. మా వీధిలో కొట్టాయనకి చూపించి అడిగాను. కాటా మీద పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో సగమే వెండండీ, కరిగించి విడదీసే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, మీరు దాచుకోండి" అన్నారు. అంటే దీన్ని మళ్లీ కొనేది ఇంకో సేకర్తే. ఆ ఇంకో సేకర్త ఎవరు, ఎందుకు కొంటాడు అన్నది నేను వేసుకునే రెండో లెక్క.

ఎన్టీఆర్ నాణేనికి ఆ రెండో లెక్క బాగానే ఉంటుంది. నాణేల మీద ఆసక్తి లేనివాళ్లు కూడా అభిమానంతో కొన్నారు, అమెరికాలో ఉన్న మనవాళ్లు ఊళ్లో బంధువుల చేత కొనిపించుకున్నారు. కానీ ఇక్కడ మెలిక ఒకటుంది. అభిమానంతో కొన్నవాళ్లు ఒక్కొక్కటే కొని దాచుకుంటారు, రకాలన్నీ కావాలని తిరగరు. యూఎన్‌సీ ఉన్నవాడు ప్రూఫ్ కోసం వెతకడం మాలాంటి కొద్దిమంది పనే. ఇంకో సంగతి, నాణెం గురించి ప్రభుత్వం ఇచ్చే అధికారిక ప్రకటన, అంటే గెజిట్ నోటిఫికేషన్‌లో విలువ, వ్యాసం, లోహం, అంచు గీతలు, బొమ్మ అన్నీ రాస్తారు గానీ ఇన్నే ముద్రిస్తాం అన్న పరిమితి అందులో ఉండదు. ఆర్డర్లు వస్తే మింట్ మళ్లీ తయారు చెయ్యొచ్చు. కాబట్టి అమ్మేవాళ్లు లిమిటెడ్ అంటే నేను వెంటనే ఒప్పుకోను. ఇవన్నీ చూసుకుని ఆయనకి 5,500 వరకూ అయితే తీసుకుంటానని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, నేనూ పెంచలేదు. ఈ పేజీ ఇంకా తెరిచే ఉంది.

ప్రూఫ్, యూఎన్‌సీ తేడా కొత్తవాళ్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ప్రూఫ్ నాణేనికి డై (బొమ్మ చెక్కిన అచ్చు) నునుపుగా పాలిష్ చేసి, బిళ్లని ఎంచి, ఒక్కసారికి బదులు ఒకటికి మించి అచ్చు వేస్తారు. అందుకే బొమ్మ చుట్టూ ఖాళీ జాగా అద్దంలా ఉంటుంది, బొమ్మ మాత్రం మసక తెలుపులో పైకి తేలి కనిపిస్తుంది. దీపం కింద కొంచెం వంచి చూస్తే బొమ్మ తెల్లగా, చుట్టూ ఉన్న జాగా నల్లగా మారుతుంది. యూఎన్‌సీలో మెరుపు అంతటా ఒకేలా పరుచుకుని ఉంటుంది. ఆ అద్దం భాగం మీద వేలు పెట్టామా, ముద్ర అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్లకి గోధుమరంగు మచ్చవుతుంది. కొనేముందు ఫోటో అడిగితే నిటారుగా తీసిన ఫోటో ఒక్కటే పంపుతారు. అది చాలదు. వంచి తీసిన వీడియో అడగండి. మచ్చలు, గీతలు అందులోనే బయటపడతాయి.

రెండో పేజీ రిజర్వ్ బ్యాంక్ 90 రూపాయల నాణెం. ఆర్‌బీఐ 90 ఏళ్ల సందర్భంగా 2024 ఏప్రిల్ 1న విడుదలైంది. దీని సంగతి పూర్తిగా వేరు, ఎందుకంటే ఇది 40 గ్రాముల స్వచ్ఛమైన వెండి. కిలో లక్ష లెక్కన నాలుగు వేలు, లక్షన్నర లెక్కన ఆరు వేలు లోహంలోనే ఉంది. బ్యాంకు చరిత్ర మీద నాకు ప్రత్యేకంగా మక్కువ లేకపోయినా, అడుగున లోహం బలంగా ఉండటం వల్ల ఇలాంటి నాణెంలో దిగబడిపోయే భయం తక్కువ. నేను పెట్టుకున్న హద్దు ఏంటంటే, ఆ రోజు వెండి విలువ మీద నాలుగో వంతుకి మించి అదనం అడిగితే స్వచ్ఛమైన వెండి నాణేన్నైనా వదిలేస్తాను. ఇప్పుడు బయట అడుగుతున్న ధరలు ఆ హద్దు దాటి ఉన్నాయి, ఆగాను. వెండి బాగా పెరిగిన రోజుల్లో అమ్మేవాళ్లు లోహం పెరుగుదల ఒకసారి, అరుదన్న పేరుతో ఇంకోసారి కలిపేస్తారు, కాబట్టి ఆ రెండిటినీ విడదీసి రాసుకోండి.

ఈ రెండు నాణేల్లో సింహాలున్న వైపు చూస్తే తేడా పెద్దగా తెలియదు. సింహాలు, సత్యమేవ జయతే, కింద రూపాయి గుర్తు, ఇవన్నీ ఒకటే. అయినా ఒకదానిలో 17.5 గ్రాముల వెండి, ఇంకోదానిలో 40. అందుకే నాణెం బొమ్మ నచ్చిందో లేదో చూసేముందు గెజిట్‌లో లోహం వరస చదువుతాను. 2023 మే 28న కొత్త పార్లమెంటు భవనానికి వచ్చిన 75 రూపాయల నాణెం కూడా సగం వెండిదే. దాన్ని నేను కొనలేదు.

నాణెం కాని వాటి గురించి కూడా ఒక మాట. అయోధ్య బాలరాముడి 50 గ్రాముల వెండి బిళ్ల 2024లో మింట్ సంస్థే తెచ్చింది, రంగులతో చాలా అందంగా ఉంటుంది. కానీ దాని మీద రూపాయి విలువ లేదు, అది జ్ఞాపిక. పూజ గదిలో పెట్టుకోవాలనో, బహుమతిగా ఇవ్వాలనో అయితే హాయిగా కొనండి. నాణేల ఆల్బమ్ కోసం అయితే ఆ తేడా తెలిసి కొనాలి. నేను తీసుకోలేదు, మా వదినకి మాత్రం తీసుకోమని చెప్పాను.

మూడో పేజీ ఈ విడత నిజంగా కొన్నది, 1969 గాంధీ శతజయంతి పది రూపాయలు. 15 గ్రాములు, 80 శాతం వెండి, అంటే 12 గ్రాములు. అప్పట్లో లక్షల్లో ముద్రించారు కాబట్టి అరుదైనదేమీ కాదు, వాడిన స్థితిలో దాదాపు వెండి రేటు మీదే దొరుకుతుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. లోహం ఎక్కువ, అదనం తక్కువ, దేశ చరిత్ర మొత్తం ఆ ముఖంలో ఉంది. దీని పక్కన 1972 నాటి స్వాతంత్ర్య రజతోత్సవం పది రూపాయలు పెట్టి చూస్తే ఇంకో కథ తెలుస్తుంది: 39 మిల్లీమీటర్లతో నాణెం పెద్దదైంది, 22 గ్రాములు దాటింది, కానీ వెండి 80 నుంచి 50 శాతానికి దిగింది. మూడేళ్లలో బిళ్ల పెరిగి వెండి దాదాపు అంతే ఉండిపోయింది. ఆ సగం వెండి పద్ధతే తర్వాత దశాబ్దాల పాటు పెద్ద స్మారక నాణేల్లో కొనసాగింది.

గాంధీ నాణేన్ని ఇంటికి తెచ్చాక, అసలుదో కాదో తెలియడానికి నీళ్ల పరీక్ష చేశాను. చాలామంది అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నా. 0.01 గ్రాము వరకూ చూపే చిన్న కాటా కావాలి, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది. ముందు నాణేన్ని పొడిగా తూచాను, 14.90 వచ్చింది. యాభై ఏళ్లు చేతులు మారిన నాణెం, ఆ మాత్రం అరుగుదల మామూలే. తర్వాత కాటా మీద గ్లాసులో నీళ్లు పెట్టి అంకెని సున్నా చేసి, సన్నని కుట్టు దారానికి నాణేన్ని కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా మునిగేలా పట్టుకున్నాను. కాటా 1.47 చూపించింది. పొడి బరువుని దానితో భాగిస్తే 10.14, అంటే నాణెం లోహం నీటికన్నా అన్ని రెట్లు బరువు. 80 శాతం వెండి, 20 శాతం రాగికి లెక్క కడితే రావలసింది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. రాగి-నికెల్ బిళ్లకి వెండి పూత వేసింది అయితే అదే బరువుకి 1.67 దగ్గర చూపించేది. స్వచ్ఛమైన వెండికి 10.49, సగం వెండి నాలుగు లోహాల నాణేలకి 9.5 చుట్టూ రావాలి. దారానికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరుగుతుంది, ఒకసారి కదిపి వదిలి మళ్లీ చూడండి. ప్రూఫ్ నాణేలకి మాత్రం ఈ పరీక్ష వద్దు, నీటి మరకతో అద్దం పాడవుతుంది. వాటికి బరువు, వ్యాసం, అంచు చూస్తే చాలు: 44 మిల్లీమీటర్ల స్మారక నాణేలకి అంచున 200 గీతలు, చేత్తో లెక్కపెట్టనక్కర్లేదు, దగ్గరగా తీసిన ఫోటోలో గీతలు సమానంగా, పదునుగా ఉన్నాయా లేదా అన్నది చూడండి. హైదరాబాద్ మింట్ గుర్తు నక్షత్రం, ముంబయిది వజ్రం ఆకారం, నోయిడాది చుక్క, కోల్‌కతాకి ఏ గుర్తూ ఉండదు.

ఇక దాచుకోవడం. దీని గురించి నాకు కొంచెం గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. చింతపండు, పీతాంబరి, టూత్‌పేస్ట్ ఏదీ నాణెం దరిదాపులకు రానివ్వకండి. వెండి కుందులు తోమినట్టు తోమితే మెరుపుతో పాటు పై పొర కూడా పోతుంది, సేకర్త ఎవరూ దానికి సరైన ధర ఇవ్వడు. నల్లబడటం గాలిలోని గంధకం వల్ల, కాబట్టి రబ్బరు బ్యాండ్లు పక్కన పెట్టకండి, రబ్బరులోనూ గంధకం ఉంటుంది. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకి జిగటగా మారి నాణెం మీద ఆకుపచ్చ పొర వదులుతాయి, రాగి ఎక్కువగా ఉన్న నాణేలకి అది ఇంకా చేటు. 44 మిల్లీమీటర్ల అక్రిలిక్ క్యాప్సూల్, పెట్టెలో సిలికా జెల్ పొట్లం, అంతే. కాకినాడ, విశాఖ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఉన్నవాళ్లు ఆ పొట్లాన్ని వానాకాలంలో మరీ తరచుగా మార్చుకోవాలి.

మింట్ నుంచి నేరుగా కొంటే బుకింగ్ తెరిచినప్పుడు డబ్బు కట్టాలి, నాణెం రావడానికి నెలలు పట్టొచ్చు. బుకింగ్ నంబర్, కట్టిన రసీదు దాచుకోండి. రేపు అమ్మినా, పిల్లలకి ఇచ్చినా ఆ కాగితమే నాణెం ఎక్కడిదో చెబుతుంది. ఫోల్డర్‌ని చింపకుండా ఉంచడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే సగం వెండి నాణేలకి కొనుగోలుదారు ఇచ్చే అదనంలో పెద్ద భాగం ఆ ప్యాకింగ్‌కే.

తర్వాతి పేజీలు రెండు. తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్ల సందర్భంగా వచ్చిన వెయ్యి రూపాయల నాణెం, దేశంలో ఆ విలువతో వచ్చిన మొదటిది, 35 గ్రాముల్లో 80 శాతం వెండి, అంటే 28 గ్రాములు. ఇది నాకు చాలాకాలంగా కావాలని ఉంది, గుడి గోపురం బొమ్మ చూసినప్పుడల్లా చెయ్యి ఆగదు, అందుకే లోహం విలువ మీద గరిష్ఠంగా ఎంత అదనం ఇస్తానో ముందే రాసి పెట్టుకున్నాను, ఇది ఒక్కదానికి నాలుగో వంతు హద్దుని సగానికి పెంచాను. రెండోది 2025 నవంబర్ 19న పుట్టపర్తిలో ప్రధాని విడుదల చేసిన సత్యసాయి బాబా శతజయంతి వంద రూపాయల నాణెం. దీనికి భక్తులు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి మొదట్లో బయటి ధరలు వేడిగానే ఉంటాయి. మింట్ ధరకి దొరికితేనే తీసుకుంటాను, బయట మాత్రం ముట్టుకోను. ఎవరి దగ్గరైనా తంజావూరు నాణెం ఒరిజినల్ ప్యాక్‌తో ఉంటే వంచి తీసిన వీడియో, బరువు చూపే కాటా ఫోటో కలిపి పంపండి, ఆ రోజు వెండి రేటుతో లెక్క కట్టి నా ధర అదే రోజు చెబుతాను.