ఉమ్మొద్దన్నది నేనే

మా బాపుకు 67 ఏళ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో హమాలీగా మిర్చి బస్తాలు మోసిన మనిషి. చాలా ఏళ్ల కింద టీబీ వచ్చి కోర్సు వాడితే తగ్గింది. ఈ చలికాలం నుంచి మళ్లీ ఆయాసం. స్కాన్ తీస్తే బ్రాంకియెక్టాసిస్ అన్నారు. పాత టీబీ మచ్చల వల్ల ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో గాలిగొట్టాలు వెడల్పై, తెమడ అక్కడే నిలిచిపోతోందట.

ఓపీ చీటీ, రక్త పరీక్షలు, స్కాన్ రెండు రోజుల్లో అయిపోయాయి. ఆధార్ జిరాక్సులు మూడు పెట్టుకోండి. కౌంటర్ మనిషితో మాత్రం వాదన వద్దు, నాకు గంట పోయింది.

అసలు కథ ఫిజియోథెరపీ గదిలో.

"తెమడ పడుతుందా?" అని అడిగింది ఫిజియో అమ్మాయి. బాపు నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "లేదు మేడం, పొడి దగ్గే. నెల నుంచి చుక్క పడట్లేదు. తగ్గినట్టే కదా?"

ఆమె నాకు జవాబివ్వలేదు. బాపు వీపు మీద రెండు అరచేతులు ఆనించి, "తాతా, అద్దం మీద ఆవిరి పట్టేటట్టు హా... అని గాలి వదలండి" అంది. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి నిదానంగా, పొడుగ్గా వదిలించింది. లోపల్నుంచి గురగురమని ఒకటే చప్పుడు, బయట బెంచీ మీదవాళ్లు కూడా తలతిప్పి చూశారు. నా చెయ్యి పట్టుకుని ఎడమ పక్కటెముకల మీద పెట్టింది. గిర్నీ నడుస్తుంటే గోడకు చెయ్యి ఆనించినట్టు అదిరింది.

"ఇంతుంటే పొడి దగ్గంటరేందన్నా? మరి తెమడంతా ఎటు పోతుంది తాతా?"

బాపు నేల చూపులు చూస్తూ అన్నాడు, "మింగుతున్న బిడ్డా. కొత్త ఇంట్ల ఉమ్మొద్దన్నడు కొడుకు."

నిజమే. హనుమకొండలో ఫ్లాట్ కొని గృహప్రవేశం చేసిన వారంలో, "చుట్టాల ముందు బేసిన్ల ఖాండ్రించకు, ఇజ్జత్ పోతది" అన్నది నేనే. ఆ గదిలో ఐదుగురున్నారు. ఎవరూ నన్నేమీ అనలేదు, అంటేనే బాగుండేది.

తర్వాత ఆమె అడిగిన ఒక్కో ప్రశ్నకు నా తల ఇంకా కిందికి దిగింది. దగ్గు కడుపులోంచి రాకుండా గొంతులోనే కుహు కుహుమని ఆగిపోతోందా? మాట మధ్యలో ఊపిరికి ఆగుతున్నాడా? కుడి పక్కకు తిరిగి పడుకోవట్లేదా? అన్నీ ఉన్నాయి. బస్తాలు మోసిన భుజం నొప్పి వల్ల తిరగట్లేదనుకున్నాను. కుడి పక్కకు తిరిగితే ఎడమవైపు తెమడ కదిలి దగ్గు తెర వస్తుందని, అందుకే తిరగట్లేదని ఆమె చెప్పేదాకా తెలియలేదు. కూర్చుంటే 95 ఉన్న ఆక్సిజన్, వరండాలో నడిపించేసరికి 90కి వచ్చింది.

మా వీధి మెడికల్ షాపాయన దగ్గును అణిచే సిరప్ నాలుగు సీసాలు అంటగట్టాడు. దగ్గు నొక్కేస్తే తెమడ బయటికెట్లా వస్తుంది? డబ్బులు తీసుకునేవాడికి ఆ మాత్రం తెలియొద్దా? పోనీ, అడిగి కొన్నది నేనే.

ఇప్పుడు పొద్దున, సాయంత్రం తిండికి ముందే కూర్చుంటున్నాం. కాసేపు మామూలు ఊపిరి, మూడు నాలుగు లోతైన ఊపిర్లు, ఒకటి రెండు "హా"లు, మళ్లీ మొదటినుంచి. పావుగంట పడుతుంది. కుడి పక్కకు పడుకోబెట్టి కూడా చేయిస్తాను. తల కిందికి వాల్చడం మాత్రం మాకు వద్దన్నారు, బాపుకు పులితేన్పులు ఎక్కువ. తెమడలో రక్తం కనబడితే వీపు తట్టడం ఆపి వెంటనే రమ్మన్నారు. గీతలున్న పారదర్శకమైన కప్పులో ఉమ్మించి రంగు, కొలత రాస్తున్నా. గొప్ప అనుకోకండి గానీ, వీపు మీద చెయ్యి పెడితే ఏ పక్క గురగురలాడుతోందో ఇప్పుడు చెప్పేస్తాను.

ఇవాళ పొద్దున బాపు కప్పు చూపించి, "నిన్నటికంటే తక్కువే పడ్డది, ఇగ లేస్త" అన్నాడు. చెయ్యి పెట్టి చూశాను. ఎడమవైపు కింద ఇంకా అదురుతోంది. మళ్లీ కూర్చోబెట్టాను.