లావవుతానని భయం లేదు, అయినా తినలేదు

హాస్టల్లో నా రూమ్మేట్ ఒకామె దాదాపు ఏడాదిపాటు సరిగ్గా తినలేదు. అద్దం ముందు నిలబడి లావైపోయానని ఏడ్చిందీ లేదు, కేలరీలు లెక్కపెట్టిందీ లేదు, ఎప్పుడడిగినా "కడుపు నిండుగా ఉందే, తర్వాత తింటాలే" అనేది, అంతే. మేమంతా గ్యాస్ ట్రబుల్ అనుకున్నాం, చూసిన డాక్టరు కూడా దానికే మాత్రలు రాశారు. తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే మానసిక జబ్బు, అనోరెక్సియా అనే మాట మాకు తెలియక కాదు, కానీ అది సన్నబడాలనే పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రమే వస్తుందని మా లెక్క.

చాలా ఏళ్ళకి, హాంగ్‌కాంగ్ సైకియాట్రిస్ట్ సింగ్ లీ పరిశోధన గురించి చదువుతుంటే ఆమే గుర్తొచ్చింది. ఆయన మొదట్లో చూసిన అనోరెక్సియా పేషెంట్లలో చాలామందికి లావంటే భయమే లేదు, ఆకలి లేదనో కడుపు ఉబ్బరంగా ఉందనో చెప్పేవాళ్ళు. 1994లో అక్కడ అనోరెక్సియాతో చిక్కిపోయిన ఒక స్కూలు పిల్ల నడివీధిలో కుప్పకూలి చనిపోయింది. పేపర్లు, టీవీలు ఆ చావుకి కారణం వెతుకుతూ లావవుతామన్న భయమే మూలమనే పాశ్చాత్య దేశాల వివరణనే తెచ్చి జనానికి చెప్పాయి. ఆ తర్వాతి ఏళ్ళలో కేసులు పెరిగాయి, వచ్చినవాళ్ళు చెప్పే కారణమూ మారిపోయింది: లావైపోతానేమో అని. ఊరు అదే, జబ్బు అదే, మాట మాత్రం వేరు! నాకు ఇక్కడే ఒళ్ళు జలదరించింది.

టీవీ చేసే పని తక్కువేం కాదు. ఫిజీ అనే పసిఫిక్ దీవుల దేశంలో అప్పట్లో ఒంటి నిండా కండ ఉంటేనే అందం, మనిషి చిక్కిపోతే ఇంట్లోవాళ్ళకి టెన్షన్, ఆకలి చచ్చిపోవడానికి 'మదాకె' అని ఒక జబ్బు పేరే ఉంది. అలాంటి చోట, నద్రోంగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అమెరికన్ పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం అప్పుడూ, మళ్ళీ 1998లోనూ స్కూలు ఆడపిల్లల్ని ప్రశ్నలడిగింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామన్నవాళ్ళు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్ళకి నూటికి 11 మంది. ఆఫ్రికాలోని మౌరిటేనియాలో అయితే కథ తలకిందులు, లావుగా ఉంటేనే అందమని ఆడపిల్లలకి బలవంతంగా తినిపించే ఆచారం. అదీ హింసే, కాకపోతే మన ఫోన్లలోకి రాదు.

తమాషా ఏంటంటే, 1873లో అనోరెక్సియా నెర్వోసాకి పేరు పెట్టిన బ్రిటిష్ డాక్టరు విలియం గల్ వర్ణనలో కూడా లావంటే భయం అన్న ముచ్చటే లేదు. ఇంకా వెనక్కెళ్తే, 1380లో 33 ఏళ్ళకే పోయిన ఇటలీ క్రైస్తవ సెయింట్, సియెనా కేథరీన్ దేవుడి కోసమని తిండి తగ్గించేసింది (ఆమెది ఇదే జబ్బా అన్నది చరిత్రకారుల గొడవ, నేను దూరను). మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎమ్ కూడా 2013 నాటికి దిగొచ్చింది, భయం ఉందని నోటితో చెప్పకపోయినా బరువు పెరగకుండా అడ్డుకునే ప్రవర్తన ఉంటే చాలంది.

మొన్న ఆ రూమ్మేట్‌తో ఫోన్లో మాట్లాడుతూ ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "లావంటే భయమని చెప్పుంటే అప్పుడే నమ్మేవాళ్ళేమోనే, కానీ నాకా భయం లేదుగా" అంది.