బ్రిస్టల్ రేవులో ట్రైటన్ పడవ

న్యూజెర్సీ నుంచి రోడ్ ఐలండ్ వెళ్లిన మూడు రోజుల్లో న్యూపోర్ట్ భవనాలు నా మనసులో నిలవలేదు. అక్కడ కారు నిలిపినందుకే నలభై డాలర్లు వదిలాయన్న బాధ మాత్రం మిగిలింది. ఆ చిరాకునంతా తుడిచిపెట్టింది బ్రిస్టల్ రేవులో మా వారి సహోద్యోగి తన తెరచాప పడవలో మమ్మల్ని తిప్పిన మధ్యాహ్నం.

అది పియర్సన్ ట్రైటన్. స్వీడన్‌లో పుట్టిన కార్ల్ ఆల్బర్గ్ గీసిన ఆ పడవను ఈ ఊరి పియర్సన్ కంపెనీ 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు తెచ్చింది. ఆ తరువాత అటువంటివి 700కు పైగా తయారయ్యాయి. దీన్ని చేసిన ఫైబర్‌గ్లాస్ (గాజు పీచును జిగురుతో గట్టిపరచిన పదార్థం) అప్పటికి పడవల తయారీలో కొత్త సరుకు. ఎంత మందం సరిపోతుందో అనుభవం లేని రోజులు కనుక అచ్చులో పొరలను ధారాళంగా పేర్చారు. మా అమ్మమ్మగారి తాళ్లరేవులో చెక్క పడవల సందుల్లో దూది కూరడం చూస్తూ పెరిగిన నాకు, అరవై ఏళ్లు దాటినా ఒక్క అతుకూ కనిపించని ఆ పొట్టను ఎంతసేపు నిమిరినా తనివి తీరలేదు.

హాగ్ ద్వీపం దాటగానే నైరుతి గాలి అందుకుంది. పడవ ఎంత సులువుగా ఒరిగిందంటే, నేను చేతికందిన తాడును రెండు చేతులా పట్టుకున్నాను. అయితే కొంత ఒరిగాక అది అక్కడే గట్టిగా నిలిచిపోయింది. వెడల్పు 8 అడుగుల 3 అంగుళాలే కనుక మొదట ఒరుగుతుందనీ, ఆపైన అడుగునున్న సీసం బరువు పట్టి నిలుపుతుందనీ పడవ యజమాని చెప్పారు. మొత్తం పొడవు 28 అడుగులు దాటినా, నిలకడగా ఉన్నప్పుడు నీటిని తాకేది 20 అడుగుల 6 అంగుళాలే. ఒరిగినకొద్దీ సాగిన ముక్కూ తోకా కూడా నీటిలోకి దిగి, పడవ పొడవై, వేగం పుంజుకుంటుంది. ఈ పడవ అందమంతా ఆ ఒరుగులోనే ఉందని నాకు అనిపించింది. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకోవలసిందే.

తిరిగి వచ్చాక, పడవ ముందు భాగంలో డెక్ మీద నా కాలి కింద మెత్తగా తగిలింది. డెక్ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉన్న బాల్సా అనే తేలికపాటి చెక్క, బోల్టుల రంధ్రాల గుండా నీరు దిగి కుళ్లిందట. ఆయన స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ పోతే, గట్టి చోట ఖంగుమంది, కుళ్లిన చోట దబ్బుమంది. నన్నూ కొట్టమని పిడి చేతికిచ్చి, హద్దు గీయడానికి పెన్సిలు ఇచ్చారు. నా గీత మూరెడు దూరం సాగాక గాని ఖంగుమన్న శబ్దం మళ్లీ వినిపించలేదు.