డెబియన్ సెటప్‌కి ఆన్సిబుల్: నాలుగో వారం

డిస్క్ పోయినా, కొత్త ల్యాప్‌టాప్ వచ్చినా డెబియన్ 13 (ఒక లినక్స్ రకం) మామూలుగా ఇన్‌స్టాల్ చేసి, ఒక్క కమాండ్ కొడితే మెషీన్ పాత రూపుకి రావాలి. సెటప్ మెట్లను ఫైళ్లలో రాసిస్తే వరసగా అమలు చేసే టూల్ ఆన్సిబుల్. దాని పని అంతవరకే. పార్టిషన్లు మాత్రం చేత్తోనే. హోమ్ వేరే పార్టిషన్‌లో ఉంటుంది, అక్కడ స్క్రిప్టు తప్పటడుగు వేస్తే ఫైళ్లన్నీ గోవిందా. అందుకే ప్రీసీడ్ (ఇన్‌స్టాల్‌ని కూడా తనంతట నడిపించే జవాబుల ఫైలు) జోలికి పోలేదు.

గిట్, ఆన్సిబుల్ చేత్తో వేసి ఆన్సిబుల్-పుల్ నడిపితే చాలు, రిపో (మా సెటప్ ఫైళ్లున్న గిట్ నిల్వ) దిగి అక్కడే నడుస్తుంది. ఎస్ఎస్‌హెచ్ కీలు (వేరే మెషీన్లలోకి లాగిన్ అయ్యే రహస్య ఫైళ్లు) రిపోలో పెట్టలేదు. పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసి పర్మిషన్ 600 (యజమాని ఒక్కరే చదవగలిగేలా) ఇవ్వాలి, లేకుంటే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని ముట్టుకోదు.

పరీక్షంతా 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ ఇచ్చిన వర్చువల్ మెషీన్‌లో. ప్లేబుక్‌ని, అంటే ఆ మెట్ల (టాస్కుల) జాబితాని, వరసగా రెండుసార్లు నడపాలి. రెండోసారి కింద ‘చేంజ్డ్’ దగ్గర సున్నా రాకపోతే అది ఇంకా పచ్చిదే. పోయిన వారం 2 దగ్గర ఆగింది. ఒకటి షెల్ టాస్కు: నడిచిన ప్రతిసారీ మార్చానంటుంది. ‘క్రియేట్స్’లో ఫైలు పేరు ఇస్తే, అది ఉన్నప్పుడు వదిలేస్తుంది. రెండోది ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలు దించి వేసే టూల్) జాబితా అప్‌డేట్. క్యాష్ వ్యాలిడ్ టైమ్ 3600 సెకన్లు ఇచ్చాక గంటలోపు మళ్లీ వెళ్లడం లేదు.

ఎక్కువ సతాయించింది తెలుగు టైపింగే. ఐబస్-ఎం17ఎన్ (తెలుగు లాంటి భాషల టైపింగ్ ప్యాకేజీ), నోటో ఫాంట్లు ఆప్ట్‌తో చిటికెలో వచ్చేశాయి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుని కలిపే డీకాన్ఫ్ (గ్నోమ్ సెట్టింగుల నిల్వ) టాస్కు కూడా ఏ ఎర్రరూ లేకుండానే వెళ్లింది, కీబోర్డు మాత్రం రాలేదు. ప్లేబుక్ మొత్తానికీ ‘బికమ్’ (రూట్, అంటే అడ్మిన్, హక్కులతో నడుపు అని) పెట్టడంతో ఆ సెట్టింగ్ రూట్ ఖాతాలోకి పోయింది! ఈ ఒక్క టాస్కుకి బికమ్ తీసేయాలి. తర్వాత ఒకసారి లాగౌట్ అవ్వాలి, అప్పటిదాకా ఐబస్‌కి కొత్త లేఅవుట్ కనపడదు.

ప్రతి పరీక్షకీ అవే ప్యాకేజీలు మళ్లీ దించితే మొబైల్ డేటా ఏం మిగులుతుంది? నెల్లూరు ఇంట్లోని పాత సీపీయూలో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ (ఒకసారి దించిన ప్యాకేజీలను దాచి మళ్లీ ఇచ్చే టూల్) పెట్టి, పోర్ట్ 3142ని ప్రాక్సీగా ఇచ్చాం. ఇంట్లో బ్రహ్మాండం. అదే ల్యాప్‌టాప్ కావలి తీసుకెళ్తే ఆప్ట్ ఆ ప్రాక్సీ కోసమే వెతుక్కుంటూ కూర్చుంటుంది. ప్రాక్సీని నేరుగా రాయకుండా ‘ప్రాక్సీ-ఆటో-డిటెక్ట్’లో చిన్న స్క్రిప్టు ఇవ్వాలి: నెట్‌క్యాట్ టూల్‌తో ఆ పోర్ట్‌ని ఒక్క సెకను తట్టి, పలికితే ప్రాక్సీ చిరునామా, లేదంటే ‘డైరెక్ట్’ అన్న మాట పెద్దక్షరాల్లో ప్రింట్ చేస్తుంది. స్క్రిప్టుకి పర్మిషన్ 755 (అందరూ నడపగలిగేలా) ఉండాలి. హెచ్‌టీటీపీఎస్ రిపోలు ఈ క్యాష్‌లో నిలవవు, వాటికి డేటా ఖర్చు తప్పదు.

ఇక కరెంటు. తుపాను రోజుల్లో సగం ఇన్‌స్టాల్‌లో పోతే డీపీకేజీ (ఆప్ట్ వెనక ప్యాకేజీలను వేసే టూల్) మధ్యలో ఆగిపోయి, తర్వాత ఆప్ట్ టాస్కులన్నీ ఎర్రబడతాయి, అంటే ఫెయిల్ అవుతాయి. సగంలో ఆగిన ప్యాకేజీలన్నిటినీ కాన్ఫిగర్ చేసే డీపీకేజీ కమాండ్‌ని మొదటి టాస్కుగా పెట్టాం. అవుట్‌పుట్ ఖాళీగా ఉంటే ‘చేంజ్డ్’ కాదని రాయడం మరవకూడదు, లేకపోతే ఆ సున్నా మళ్లీ చెడుతుంది.

మిగిలింది ఫైర్‌ఫాక్స్ సెట్టింగులు. ప్రొఫైల్ ఫోల్డర్ పేరు ముందు ఒక్కో మెషీన్‌లో ఒక్కో అక్షరాల గుంపు తగులుకుంటుంది కాబట్టి పేరు నేరుగా రాయడం కుదరదు, ప్రొఫైల్స్ ఫైలు చదివి పట్టుకోవాలి. ఆ టాస్కు ఇంకా రాస్తున్నాం.