కనిపెట్టుకుని ఉన్న మూడేళ్ళు – నా అనుభవం

మా ఆయనకి 2019 ఆగస్టులో కాళ్ళ వాపులు, ఆయాసం వస్తే బీపీ ఎక్కువైందేమో అనుకుని వెళ్ళాం. రక్తపరీక్షలో, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 9.2 వచ్చింది, ఒకటి దగ్గర ఉండాల్సింది. రెండు కిడ్నీలూ పాడైపోయాయమ్మా, డయాలసిస్, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చెయ్యడం, మొదలుపెట్టాలి అన్నారు డాక్టర్ గారు. అప్పటికి మా పాపకి నాలుగేళ్ళు, హైదరాబాద్ అల్వాల్‌లో అద్దె ఇల్లు, ఇంకా స్కూటర్ లోన్ కూడా తీరలేదు.

నా కిడ్నీ ఇస్తానని ఆరోజే చెప్పేశాను, కానీ ఆయనది ఓ పాజిటివ్ నాది బీ పాజిటివ్, మామూలుగా అయితే కుదరదన్నారు. అత్తమ్మకి షుగర్. దగ్గరివాళ్ళు ఒకరు ఇస్తామని ముందుకొచ్చి, టెస్టులు సగంలో ఉండగా ఫోన్ ఎత్తడం మానేశారు, ఆ కోపం నాలో చాలా రోజులు ఉంది. ఇక మిగిలింది జీవన్‌దాన్ లిస్టే. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే ఆ అవయవాలు లిస్టులో ఉన్నవాళ్ళకి ఇస్తారు, ప్రభుత్వం నడిపేది. 2020 జనవరిలో పేరు రాయించాం. ఓ గ్రూప్ వాళ్ళకి ఓ గ్రూప్ కిడ్నీయే కావాలి కాబట్టి ఆలస్యం అవుతుందని ముందే చెప్పారు.

డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మొదట్లో మెడ దగ్గర లైన్, అంటే గొట్టం వేశారు, తర్వాత డయాలసిస్ సూదులు పెట్టడానికి ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. అక్కడ చెయ్యి పెడితే లోపల తేనెటీగ ఉన్నట్టు జుమ్మని అదురుతుంది, ఆ అదురు ఆగితే రక్తం గడ్డకట్టినట్టే, వెంటనే రావాలి, రోజూ చూసుకోండి అని సిస్టర్ చెప్పింది. అప్పట్నుంచి రోజూ పడుకునేముందు ఆ చేతిమీద నా చెయ్యి పెట్టి చూసేదాన్ని, కరెంటు పోయి చీకట్లో ఉన్నా సరే. ఒంట్లో నీరు చేరకుండా నీళ్ళు రోజుకి 700 ఎంఎల్ దాటకూడదన్నారు, ఒక స్టీలు బాటిల్లో కొలిచి పోసేదాన్ని, మే నెల ఎండల్లో మధ్యాహ్నానికే అయిపోయేవి, అప్పుడు చిన్న ఐస్ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆయన ముందు మేం ఎవరం గ్లాసు ఎత్తేవాళ్ళం కాదు, పాప కూడా వంటింట్లోకి వెళ్ళి తాగేది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక బస్సులు లేవు, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు లేవు. స్కూటర్ మీద నేనే వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళేదాన్ని, చెక్‌పోస్ట్ దగ్గర డయాలసిస్ కార్డు చూపిస్తే పోలీసులు పోనిచ్చేవాళ్ళు. వచ్చేటప్పుడు ఆయనకి బీపీ పడిపోయి తల నా వీపుకి ఆనించేవాడు, పడిపోతాడేమోనని నా చున్నీతో ఇద్దర్నీ కలిపి కట్టుకునేదాన్ని, దారంతా యేసయ్యా యేసయ్యా అనుకుంటూ.

ఆ రోజుల్లో ఒకరు ఇంటికొచ్చి, మీకు విశ్వాసం లేదు, మిషన్ మీద ఆధారపడుతున్నారు, మానేసి ఉపవాస ప్రార్థనలో ఉండండి అన్నారు. నేను ఆ మాట వినలేదు, విని ఉంటే నెల తిరక్కుండా మా ఆయన్ని సమాధి చేసేవాళ్ళం. ఎవరైనా మీకు కూడా అలా చెప్తే దయచేసి వినకండి, ఒక్క వారం కూడా మానకండి. కానీ ఆ మాట నన్ను బాగా కుదిపింది, నిజంగా నాలో విశ్వాసం లేదా అని రాత్రుళ్ళు ఏడ్చేదాన్ని.

మా సంఘం అయ్యగారు ప్రార్థనకి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆయన 40వ కీర్తన తీసి, మొదటి వచనంలో "సహనముతో కనిపెట్టుకొంటిని" అని ఉంది చూడమ్మా అన్నారు. చిన్నప్పట్నుంచి చదివిన మాటే. అత్తమ్మ అప్పుడే స్టవ్ మీద పాలు పెట్టి, బిడ్డా కొంచెం కనిపెట్టుకొని ఉండు పొంగుతయ్ అని కేకేసింది. నాకు ఒళ్ళు జలదరించింది. రోజూ రాత్రి ఆ చేతిమీద చెయ్యి పెట్టి నేను చేస్తున్నదేంటి మరి, బాటిల్లో నీళ్ళు కొలవడం, పొటాషియం తగ్గాలని ఆలుగడ్డ ఉడికించి నీళ్ళు పారబోయడం, అదంతా కూడా దేవుడి ముందు కనిపెట్టుకుని ఉండడమే కదా అనిపించింది. ఆ తర్వాత ఏడుపు ఆగిందని చెప్పను గానీ భయం చాలా తగ్గింది.

2021లో ఒక రాత్రి పదకొండింటికి కిడ్నీ ఉందని కాల్ వచ్చింది, ఏమీ తినకుండా తాగకుండా వచ్చేయమన్నారు. మాతోపాటు ఇంకో ఇద్దర్ని పిలిచారు. తెల్లారుజామున ఐదింటికి క్రాస్‌మ్యాచ్ పాజిటివ్, అంటే ఆ కిడ్నీని ఈయన రక్తం ఒప్పుకోదట, ఇవ్వలేం అన్నారు. నేను మెట్లమీదే కూలబడిపోయాను. ఆయన మాత్రం, ఈరోజు డయాలసిస్ ఉంది కదా, ఇట్నుంచి ఇటే పోదాం పద అన్నాడు.

ఇంకోటి కూడా చెప్పాలి. ప్రభువా తొందరగా కాల్ రానివ్వు అని ప్రార్థించేదాన్ని, ఒకరోజు ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. కాల్ రావాలంటే ఎవరో ఒకరి ఇంట్లో చావు జరగాలి. నేను అడిగేది అదా? అప్పట్నుంచి కాల్ గురించి అడగడం మానేసి, నీ సమయంలో చెయ్యి, ఆ ఇంటివాళ్ళని కూడా ఆదరించు అని మాత్రం అడిగాను.

2022 నవంబర్‌లో పొద్దున పాపకి జడ వేస్తుంటే ఫోన్. ఈసారి క్రాస్‌మ్యాచ్ నెగటివ్. సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది. పాత కిడ్నీలు మామూలుగా తీయరు, కొత్తది పొత్తికడుపులో కుడివైపు పెట్టారు. కానీ అది వెంటనే పనిచెయ్యలేదు, మళ్ళీ రెండుసార్లు డయాలసిస్ చేశారు, చనిపోయినవాళ్ళ నుంచి తీసిన కిడ్నీ కొన్నిసార్లు ఇలా నిద్రపోతుంది, చూద్దాం అన్నారు. ఆరో రోజు నేను బయట బెంచీ మీద ఉంటే సిస్టర్ తలుపు తీసి, అక్కా బ్యాగ్‌లోకి 300 వచ్చింది అంది. యూరిన్ గురించి విని దేవుడికి స్తోత్రం అని అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు.

ఇప్పుడు పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి అలారం మోగుతుంది, కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఇచ్చింది ఎవరో మాకు చెప్పలేదు. రాత్రి మాత్ర వేసుకున్నాక ముగ్గురం కూర్చుని, ఆ ఇంటి అమ్మని ఆదరించు ప్రభువా అని ప్రార్థన చేస్తాం. తర్వాత పాప కుండలోంచి పెద్ద గ్లాసు నిండా నీళ్ళు ముంచి వాళ్ళ నాన్నకి ఇస్తుంది, అంతా తాగేదాకా పక్కనే నిలబడి చూస్తుంది.