దైవం చైవాత్ర పంచమమ్

గీత పద్దెనిమిదో అధ్యాయం పారాయణ చేస్తూ ఈ శ్లోకం దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను.

అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్ ।
వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్ ॥

ఏ పని జరగాలన్నా శరీరం, చేసేవాడు, ఇంద్రియాలు, రకరకాల ప్రయత్నాలు ఉండాలి. ఐదోది దైవం. మనకు తెలియని కారణాలన్నిటికీ కలిపి పెట్టిన పేరే దైవం అనుకునేవాణ్ణి చాలాకాలం. అన్నీ తెలిసిపోతే ఆ ఐదోదానితో పనేముంది అనిపించేది. ఆ ధీమాను కదిపింది పరమాణువుల లోకాన్ని వివరించే క్వాంటం సిద్ధాంతం.

పాచికలో ఆరు పడే సంభావ్యత ఆరింట ఒకటి అంటాం. అది మన తెలియనితనానికి లెక్క. చెయ్యి విసురు, పాచిక తిరిగిన తీరు పూర్తిగా తెలిస్తే ఏది పడుతుందో చెప్పేయొచ్చు. రేడాన్-222 అనే రేడియోధార్మిక వాయువు పరమాణువు దగ్గర ఈ మాట చెల్లదు. దాని అర్ధాయువు సుమారు 3.8 రోజులు. గుంపులో సగం ఆలోపు క్షయమైపోతాయి. మరి ఈ ఒక్క పరమాణువు ఎప్పుడు? సిద్ధాంతం చెప్పదు. నెల్లాళ్లు నిలిచిన పరమాణువు కూడా ఇప్పుడే పుట్టినదానిలాగే ఉంటుంది. దానికి వార్ధక్యం లేదు.

కణం స్థితిని క్వాంటం సిద్ధాంతం గణితంలో రాసే రూపం తరంగ ప్రమేయం. దాని నుంచి సంభావ్యతను లెక్కకట్టే సూత్రాన్ని 1926లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ ఇచ్చాడు. సంభావ్యతే చివరిమాట అంటే ఐన్‌స్టీన్ ఒప్పుకోలేదు, లోపల ఏదో కారణం దాగి ఉండాలన్నాడు. దాన్ని పరీక్షించే దారి 1964లో జాన్ బెల్ చూపాడు. కారణం దాగి ఉన్నా, అది దూరాన ఉన్నదాన్ని తక్షణం తాకకుండా తన చోటులోనే పనిచేసే మామూలు కారణం కాలేదని ప్రయోగాలు తేల్చాయి. ఈ సంభావ్యత ప్రకృతిలోనే ఉందా, చూసేవాడి నమ్మకానికి కొలతా అన్న వాదం ఇంకా తెగలేదు.

ఇదంతా గీతలో ముందే ఉందని నేననను, అది రెండింటికీ అన్యాయం. దైవమంటే ఇంద్రియాలను నడిపే ఆదిత్యాది దేవతలన్నారు శంకరులు. అంతర్యామి అయిన పరమాత్మ అన్నారు రామానుజులు. యాదృచ్ఛికత అని వారెవరూ అనలేదు. నాకు పట్టుబడింది చిన్న విషయం: తెలుసుకోవాల్సిందంతా తెలుసుకున్నాక కూడా ఐదో చోటు ఖాళీగా ఉండొచ్చు.

1989లో జపాన్‌లో అకిరా తొనొమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా, రెండు దారులున్న పరికరం గుండా తెర మీదికి పంపి చూసింది. మొదట పడిన పది చుక్కల్లో ఏ పొందికా లేదు, ఎవరో చిలకరించినట్టున్నాయి. 70,000 దాకా చేరేసరికి తెర మీద చారలు స్పష్టంగా తేలాయి. ఏ చుక్క ఎక్కడ పడాలో ఎవరూ చెప్పలేదు, చారలు మాత్రం తప్పలేదు.

ఇప్పుడు "పంచమమ్" అని పలికేటప్పుడు నాకు ఆ మొదటి చుక్క కనబడుతుంది. పరికరం సిద్ధం, చేసేవాడు సిద్ధం, ఎలక్ట్రాన్ బయలుదేరింది. చుక్క ఇంకా పడలేదు.